పోస్టులో వాచీ పంపించాలంటే

మా పెదనాయన కువైట్‌లో పనిచేసి తిరిగొచ్చేటప్పుడు మా నాయనకొక స్విస్ ఆటోమేటిక్ వాచీ తెచ్చిచ్చాడు. అది ఎక్కువ కాలం బీరువాలోనే ఉంది. రోజూ మడిలో దిగేవాడు అటువంటి వాచీ ఎక్కడ కట్టుకుంటాడు? పెళ్ళిళ్ళకూ, రామతీర్థం తిరునాళ్ళకూ మాత్రం బయటికొచ్చేది. కోతకొచ్చిన వరి వానకు పడిపోయిన ఏడాది, మళ్ళీ నాట్లకు పెట్టుబడి లేక నాయన దాన్ని అమ్మేద్దామన్నాడు. హైదరాబాదులో వాడిన వాచీలు కొనే వ్యాపారి ఒకాయన ఫోటోలు చూసి 85,000 రూపాయలిస్తానన్నాడు. వస్తువు చూసుకున్నాకే డబ్బు. అక్కడ మా బావ ఉన్నాడు గనక, వాచీ బావ చేతికి చేరితే చాలు.

"బస్సెక్కి పోయి ఇచ్చిరారాదా, అబ్బయా?" అన్నాడు నాయన. నిజానికి అదే అన్నిటికన్నా మంచి పద్ధతి. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. కాని నాకు పరీక్షలు, ఆయనకు నాట్లు. అందువల్ల పోస్టులో పంపాల్సి వచ్చింది. ఆ పది రోజుల్లో నేను చదివి, అడిగి, చేసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. హాస్టలు మిత్రులకూ, దూరదేశాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులకూ ఎప్పుడైనా అక్కరకు రావచ్చు.

మొదట ఒక అపోహ పోవాలి. బీమా చేయిస్తే వాచీ భద్రంగా పోతుందని మా ఇంట్లో అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. బీమా వాచీని కాపాడదు. దెబ్బ తగలకుండా చూసేది ప్యాకింగు. దొంగ కన్ను పడకుండా చూసేది మన నోటి అదుపు. బీమా అన్నది పోయిన తర్వాత డబ్బు అడగడానికి ఒక హక్కు మాత్రమే. ఆ హక్కు నిలబడాలంటే రుజువులన్నీ వస్తువు పోకముందే తయారై ఉండాలి. పోయాక తయారుచేద్దామంటే కుదరదు.

ప్యాకింగు సంగతి చూద్దాం. మామిడికాయలకు పెట్టినట్టు వరిగడ్డిలో పెట్టమన్నాడు నాయన. మా జేజి ఊక పోయమంది. రెండూ మెత్తనివే, కాని రెండింటిలోనూ దుమ్ముంటుంది, తేమ పీలుస్తాయి. సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళలో ఇనుప గొళ్ళేనికి ఎంత త్వరగా తుప్పు పడుతుందో అందరికీ తెలుసు. అందుకని వాచీని మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, మూతి మూసే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చిన సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన వేశాను.

దెబ్బ లెక్క మన ఫిజిక్సు క్లాసులోదే. మీటరు ఎత్తునుంచి పడ్డ వస్తువు సెకనుకు దాదాపు 4.4 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. గట్టి నేలమీద ఒక మిల్లీమీటరు దూరంలోనే ఆగిపోయిందనుకోండి, దానిమీద పడే తాకిడి గురుత్వ త్వరణానికి సుమారు వెయ్యి రెట్లు. అదే అయిదు సెంటీమీటర్ల స్పాంజిలో దిగబడుతూ ఆగితే ఇరవై రెట్లే. స్పాంజి పూర్తిగా నలగదు గనక అసలు లెక్క కొంచెం మారుతుంది గాని విషయం అర్థమైంది గదా. ఆటోమేటిక్ వాచీలో అటూ ఇటూ ఊగే బాలెన్స్ చక్రం ఇరుసు కొన మిల్లీమీటరులో పదోవంతు మందం ఉంటుంది. 1930లలో స్విట్జర్లాండులో వచ్చిన ఇంకాబ్లాక్ వంటి స్ప్రింగు అమరికలు ఆ కొన విరగకుండా కాపాడతాయి. 'షాక్ ప్రూఫ్' అన్న మాటకు పరీక్ష కూడా మీటరు ఎత్తునుంచి గట్టి చెక్కమీద పడినంత దెబ్బే. పార్సిలు బస్తా అంతకన్నా ఎత్తునుంచి పడదని ఎవరు చెప్పగలరు?

కాబట్టి పెట్టెలో పెట్టె. లోపలి చిన్న పెట్టెలో వాచీ కదలకూడదు. దానికీ బయటి అట్టపెట్టెకూ మధ్య ఆరువైపులా రెండంగుళాల స్పాంజి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే చప్పుడు రాకూడదు. చిరునామా రాసిన కాగితం ఒకటి లోపల కూడా వేశాను, పైచీటీ చిరిగినా పనికొస్తుందని. పెట్టెమీద వాచీ కంపెనీ పేరుగాని, 'విలువైనది' అన్న మాటగాని నేను రాయలేదు. బంగారం మూట మీద బంగారం అని రాసుకుని ఎవరైనా సంతకు పోతారా? (చేతి ఫోనులాంటి స్మార్ట్ వాచీల సంగతి వేరు. వాటిలో లిథియం బ్యాటరీ ఉంటుంది, విమానంలో పోయే టపాలకు దానిమీద ఆంక్షలున్నాయి. కౌంటరులో దాచకుండా చెప్పాలి.)

ఇక చట్టం. ఇది నాకు కొత్త. 1898 నాటి పోస్టాఫీసు చట్టం ఆరో సెక్షను ప్రకారం టపా పోయినా, ఆలస్యమైనా, పాడైనా ప్రభుత్వానికి బాధ్యత లేదు, ప్రత్యేకంగా ఒప్పుకున్న మేరకు తప్ప. పోస్టాఫీసు మామూలు రవాణాదారు కాదు, పంపినవాడి ఏజెంటూ కాదు, దాని బాధ్యత చట్టం చెప్పినంతే అని 1979లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. ఆ చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 జూన్ 18 నుంచి అమలులోకి వచ్చింది. నియమాల్లో చెప్పినంతవరకే బాధ్యత అన్న సూత్రం అందులోనూ ఉంది. ఆ 'ప్రత్యేకంగా ఒప్పుకోవడం' పేరే బీమా.

బీమా లేని కాలంలో జనం ఏం చేసేవారంటే, బ్రిటిషు హయాంలో పెద్ద నోటును రెండుగా కోసి ఒక సగం ఒక టపాలో పంపేవారు. అది చేరిందని జాబు వచ్చాక రెండో సగం పంపేవారు. మన దేశపు పోస్టాఫీసులో బీమా 1878లో మొదలైంది. నోటును కోయవచ్చు, వాచీని కోయలేం గదా!

బీమా మీద నమ్మకం ఎంతదాకా పోతుందో చెప్పడానికి అమెరికా ఉదాహరణ ఒకటుంది. 1958 నవంబరులో హారీ విన్‌స్టన్ అనే నగల వ్యాపారి 45 కారెట్ల పైచిలుకు హోప్ వజ్రాన్ని న్యూయార్కు నుంచి వాషింగ్టన్ మ్యూజియానికి గోధుమరంగు కాగితం చుట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. ఖర్చు 145 డాలర్ల 29 సెంట్లు. అందులో తపాలా కూలి 2 డాలర్ల 44 సెంట్లు మాత్రమే, మిగిలిందంతా పది లక్షల డాలర్ల బీమాకు. వజ్రం క్షేమంగా చేరింది.

మా వాచీకి వద్దాం. మన దగ్గర 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టులో లక్ష రూపాయల దాకా బీమా చేయించవచ్చు. చిన్న ఆఫీసుల్లో పెద్ద మొత్తానికి బీమా కుదరదని తెలిసి, నేను నెల్లూరు హెడ్ పోస్టాఫీసుకే పోయాను.

దానికి ముందు ఒక చిక్కొచ్చింది. వాచీ విలువ ఎంతని రాయాలి? పెదనాయన దగ్గర బిల్లు లేదు. "లక్ష అని రాయి, పోతే లక్షొస్తుంది" అన్నాడు మా మామ. అట్లా రాదు. పరిహారం వస్తువు అసలు విలువను దాటదు, మోసంగా ఎక్కువ రాస్తే హక్కే పోతుంది. ప్రీమియం కలిసొస్తుందని పదివేలని రాస్తే పోయినప్పుడు పదివేలే. వాచీకి మనకున్న మమకారానికి విలువ కట్టే నియమం ఏదీ లేదు. అందుకని ట్రంకు రోడ్డులో వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన చేత మోడలు, సీరియల్ నంబరు, ప్రస్తుత ధర రాయించి సంతకం, ముద్ర తీసుకున్నాను. హైదరాబాదు వ్యాపారి పంపిన మెసేజీ కూడా దాచాను. వాచీ ముందూ వెనకా ఫోటోలు, పెట్టెలో పెట్టి మూసేదాకా ఫోనులో వీడియో.

సీళ్ళ విషయంలో తపాలావారి పాత నియమాలు నాకు భలే నచ్చాయి. అతుకులన్నిటిమీదా ఒకే రకం లక్క, ఒకే సొంత ముద్ర ఉండాలి. నాణెంతో ముద్ర వేయకూడదు, ఉత్త గీతలు గీయకూడదు, ఎందుకంటే అవి ఎవరైనా మళ్ళీ వేయగలరు. బిళ్ళలు ఒకదానికొకటి ఎడంగా అంటించాలి, అంచుమీద మడవకూడదు, కింద కోత పెట్టి దాస్తారేమోనని. మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి, దిద్దుబాట్లు ఉండకూడదు. ఎంతమంది చేతివాటం చూశాక ఈ నియమాలు పుట్టాయో! మాకు సొంత ముద్ర ఎక్కడిది? పాత ధాన్యం లెక్కల పెట్టెలో మా తాత పేరున్న ఇత్తడి ముద్ర దొరికింది.

కౌంటరులో తూకం వేసి 640 గ్రాములని రాశారు. ఆ అంకె చాలా ముఖ్యం. దారిలో ఎవరైనా వాచీ తీసి సబ్బుబిళ్ళ పెట్టినా, అంకె సరిగ్గా కలవడం కష్టం.

ప్రైవేటు కొరియరు తేలిక గదా అని కొందరడిగారు. మా ఊరి అబ్బాయి ఒకడు అట్లాగే ఖరీదైన ఫోను పంపి పోగొట్టుకున్నాడు. రసీదు వెనక సన్నటి అక్షరాల్లో బాధ్యత నూరు రూపాయలని ఉంది, వాడికి అంతే చేతికొచ్చింది. ఇది కోర్టుకు పోయినా మారేది తక్కువ. 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో, జర్మనీకి పంపిన కవరు చేరకపోతే, సంతకం పెట్టిన చీటీలో నూరు డాలర్లని ఉంది గనక నూరు డాలర్లే అని సుప్రీంకోర్టు చెప్పింది. కొరియరులో పంపేవారు రసీదు వెనకవైపు చదివి, ఆ వస్తువుకు విడిగా బీమా ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి తీరాలి.

అసలు పరీక్ష అవతలివైపు ఉంది. పుచ్చుకునేవాడు సంతకం పెట్టి పార్సిలు తీసుకున్నాడంటే, తర్వాత "లోపల ఖాళీ" అని ఎంత మొత్తుకున్నా వినేవాళ్ళు తక్కువ. అందుకని బావకు ముందే ఫోనులో చెప్పాను: "బావా, మీరు సంతకం పెట్టకముందు సీళ్ళు చూడండి, తూకం వేయించండి. తేడా ఉంటే ఓపెన్ డెలివరీ అడగండి. పోస్టుమాస్టరు ఎదుట విప్పి, లోపలున్నది కాగితంమీద రాస్తారు." బావ నవ్వి, "పెళ్ళిచూపుల్లో కూడా ఇంత చూడలేదయ్యా" అన్నాడు.

పార్సిలు చేరిందన్న రోజు నాయన మధ్యాహ్నం చేలోనుంచి రెండుసార్లు ఫోను చేశాడు. మూడోసారి బావే చేశాడు. సీళ్ళు అయిదూ పదిలం. తూకం 640. వ్యాపారి వెనక మూత విప్పి చూసుకుని, నూనె మార్చాలని రెండువేలు తగ్గించాడు. 83,000 బ్యాంకులో పడేదాకా బీమా రసీదు నాయన చొక్కా జేబులోనే ఉంది. చెమటకు తడిసి అంకెలు చెరిగిపోతాయని అమ్మ దాన్నొక ప్లాస్టిక్ కవరులో వేసిచ్చింది.