మీ ఇంట్లో అకామా జిరాక్సు ఉందా?

మా గౌడవెల్లి మీదుగా పోయే రైలుపట్టాలు మేడ్చల్ దాటి కామారెడ్డి, నిజామాబాద్ చేరతాయి. అటువైపు మగవాళ్లను గల్ఫ్‌కు పంపిన ఇళ్లు ఎన్నో! అక్కణ్ణించి వచ్చి మా వీధిలో అద్దెకు దిగిన ఓ చెల్లెలు, కిందటేడు ఓ మధ్యాహ్నం పొయ్యి మీద పప్పు వదిలేసి మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, మా అత్త పోయింది. ఆయన వస్తడనుకుంటే అకామా అయిపోయిందంటున్నడు. అకామా అయిపోతే ఇంటికి గూడ రానియ్యరా అక్కా?"

పెళ్లయి తొమ్మిదేళ్లు. అందులో ఏడేళ్లు ఆయన సౌదీలోనే. నెలనెలా డబ్బు, రోజూ ఫోను. అయినా ఆ మాటకు అర్థం ఆమెకు ఆ రోజుదాకా తెలీదు. నాకూ తెలీదు, ఒప్పుకుంటాను. దమ్మాంలో పదేళ్లు పనిచేసి వచ్చిన మా అన్నయ్యను పిలిపించి అడిగాం.

వీసా గుమ్మం దాటించే కాగితమట. లోపల ఉండనిచ్చేది అకామా. సౌదీలో దిగిన 90 రోజుల్లోగా యజమాని, అంటే కఫీల్, దాన్ని తీయించాలి. దాని ఫీజు, రెన్యూవల్ ఖర్చు, ఆలస్యమైతే పడే జరిమానా అన్నీ యజమానే కట్టాలని అక్కడి కార్మిక చట్టం 40వ అధికరణలోనే ఉంది. అకామా చెల్లుబాటులో లేకపోతే సెలవు మీద రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ దొరకదు. బ్యాంకు పనీ ఆగిపోతుంది. పనిలోంచి పారిపోయాడని యజమాని ఫిర్యాదు రాస్తే అది మరో చిక్కు. దాన్ని హురూబ్ అంటారు. కాగితాలు లేకుండా మిగిలిపోయినవాళ్లను మనవాళ్లు 'ఖల్లివెల్లి' అంటారు, వినే ఉంటారు. 2013లో నితాఖత్ అన్నప్పుడూ, 2017లో సౌదీ క్షమాభిక్ష ఇచ్చినప్పుడూ, 2018లో కువైట్ ఇచ్చినప్పుడూ అలాంటివాళ్లు జరిమానాలు లేకుండా ఇళ్లకు చేరారు. పాస్‌పోర్టు కూడా చేతిలో లేనివాళ్లకు మన ఎంబసీ ఔట్‌పాస్ ఇచ్చింది. కానీ క్షమాభిక్ష ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు?

ఈ చెల్లెలి భర్త విషయంలో కంపెనీ ఐదు నెలలుగా రెన్యూవల్ చేయించలేదు. అతనికీ ఆలస్యంగా తెలిసింది. ఎందుకంటే 2015 నుంచి ఇస్తున్న కార్డు ఐదేళ్లదాకా మారదు. గడువు కంప్యూటర్లోనే పొడిగిస్తారు, కార్డు మీద కనిపించదు. సెల్‌ఫోన్లో అబ్షర్ అనే సర్కారీ యాప్ తెరిచి చూసుకోవాలి. ఇంకో తిరకాసు, అక్కడి కాగితాల్లో హిజ్రీ తేదీలు ఉంటాయి. రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరగడం మనం చూస్తూనే ఉన్నాం కదా! ఆ లెక్కన 'ఏడాది' మన ఏడాదికంటే పొట్టిది.

ఆ రోజు అంత్యక్రియలు మరిది చేతుల మీదుగా జరిగాయి. ఆయన ఫోన్లో చూస్తూ ఏడ్చాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఈ పిల్ల గొంతు పూడుకుపోయింది.

తర్వాత అన్నయ్య చెప్పగా, విదేశాంగ శాఖ 2015లో పెట్టిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయించాం. అతను రియాద్‌లోని మన ఎంబసీకి వెళ్లాడు. 2021 మార్చి నుంచి అక్కడ ఓ వెసులుబాటు ఉంది. పర్మిట్ గడువు దాటినా, వరుసగా మూడు నెలలు జీతం ఇవ్వకపోయినా పాత యజమాని ఒప్పుకోలు లేకుండా వేరే కంపెనీకి మారవచ్చు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు, ఇంటి డ్రైవర్లకు మాత్రం ఇది వర్తించలేదు. అసలు కష్టం ఎక్కువ ఉన్నది వాళ్లకే! కువైట్ వెళ్లేవాళ్లు కూడా వీసా మీద 18 ఉందా, 20 ఉందా చూసుకోవాలి. 18 అయితే కంపెనీ పని, 20 అయితే ఇంటి పని. 'ఆజాద్ వీసా, ఎక్కడైనా చేసుకోవచ్చు' అని ఏజెంటు అంటే మాత్రం నమ్మకండి. అలాంటి వీసా ఏ చట్టంలోనూ లేదు.

"మమ్మల్ని గూడ తీసుకపో అని కొట్లాడేదాన్ని అక్కా" అందా చెల్లెలు. సౌదీలో కుటుంబసభ్యుల మీద 2017 జూలైలో నెలకు తలా 100 రియాళ్ల ఫీజు మొదలుపెట్టి 2020 నాటికి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలంటే నెలకు 1,200 రియాళ్లు! ఎందరో భార్యాబిడ్డల్ని ఇంటికి పంపేసింది అందుకే.

కొత్త కంపెనీలో అకామా చేతికొచ్చాక అతను సెలవు మీద వచ్చాడు. అప్పటికి పెద్దకర్మ అయి ఆరు నెలలు. మర్నాడు పొద్దున్నే ఈ చెల్లెలు ఆ కార్డు పట్టుకుని జిరాక్సు షాపుకెళ్లింది. పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం, ప్రవాసీ భారతీయ బీమా కాగితం కూడా కాపీలు తీయించింది. (ఆ బీమాలో ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తాయి. కాగితం ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు తెలియాలిగా!) ఒక కట్ట బీరువాలో, ఇంకొకటి పుట్టింట్లో.

గడువు తేదీని మన లెక్కలోకి మార్చి వంటింటి క్యాలెండర్లో రాసుకుంది. పాల లెక్క, గ్యాసు బుక్ చేసిన తేదీ పక్కనే ఎర్ర సిరాతో. దానికి రెండు నెలల ముందు ఇంకో గుర్తు. ఆ రోజు ఫోన్ చేసి, "అబ్షర్ల చూసినవా?" అని అడగడానికి.