లోయకు అవతలి నుండి చూస్తే

"ఈ భూమి ఎలాగూ గతించిపోయేదే. పర్యావరణం గురించిన పుస్తకాలు విశ్వాసికెందుకు?" అని మీలో కొందరు అడుగుతుంటారు.

1967లో లిన్ వైట్ అనే అమెరికా చరిత్రకారుడు 'సైన్స్' పత్రికలో, ప్రకృతి నాశనంలో పాశ్చాత్య క్రైస్తవ్యానికి పెద్ద భాగముందని నేరం మోపాడు. దానికి జవాబుగా ఫ్రాన్సిస్ షేఫర్ అనే కాపరి 1970లో 'పొల్యూషన్ అండ్ ద డెత్ ఆఫ్ మాన్' అనే పుస్తకం ప్రచురించాడు. వైట్ వాదనను ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు; అలాగని మనల్ని వెనకేసుకురానూ లేదు. ఒకసారి ఆయన ఒక క్రైస్తవ పాఠశాలలో ప్రసంగించడానికి వెళ్లాడట. లోయకు అవతల హిప్పీలు ఉండేవారు. ఆయన అక్కడికీ వెళ్లాడు. ఆ స్థలం చెట్లతో అందంగా ఉంది. అక్కడి నుండి ఇటు చూస్తే క్రైస్తవుల పాఠశాలే వికారంగా కనబడింది! అంతకుముందు ఆ పాఠశాల నుండి లోయ దాటి వారి దగ్గరకు వెళ్లినవారే లేరట.

వాతావరణ మార్పు సంగతికొస్తే, శాస్త్రవేత్త క్యాథరిన్ హేహో, పాస్టరైన ఆమె భర్త ఆండ్రూ ఫార్లీ కలిసి 2009లో 'ఎ క్లైమేట్ ఫర్ చేంజ్' రాశారు. బొగ్గు, పెట్రోలు మండినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ భూమి వేడిని బయటకు పోనివ్వదు. మొదట్లో ఆ భర్తే దీన్ని నమ్మలేదు.

ఆదికాండము 2:15లో ఆదాముకు అప్పగించిన పనిలో తోటను కాయడం కూడా ఉంది. ఆ మాటకు హెబ్రీలో 'షామర్'. తమ్ముని గూర్చి కయీను దేవుణ్ణి ఎదురు ప్రశ్నించినప్పుడు వాడిన మాట కూడా ఇదే.

షేఫర్ పుస్తకం చిన్నదే. ఇంగ్లీషు వచ్చిన యౌవనస్థులు చదివి, కూటంలో పెద్దలకు తెలుగులో వివరించవచ్చు.