మెడ మీద అరవై కిలోలు

1961లో హాంబర్గ్‌లో పాల్ మెకార్ట్నీ ఒక హాఫ్నర్ 500/1 బేస్ గిటార్ కొన్నాడు. ధర 30 పౌన్ల దరిదాపుల్లో. ఫెండర్ కొనే స్తోమత అప్పటికి లేదు. పైగా ఆయనది ఎడమచేతి వాటం. వయొలిన్‌లా రెండు వైపులా ఒకే ఒంపు ఉన్న వాయిద్యాన్ని తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనబడదు. బీటిల్స్ బేస్ ఎంపిక వెనక ఉన్న సాంకేతిక పరిశీలన మొత్తం ఇంతే: చవక, చూడ్డానికి బాగుంది. ఇవాళ దాని నకళ్లు కొనేవాళ్లలో చాలామంది కూడా ఈ రెండూ చూసే కొంటారు కాబట్టి ఆయన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

చిక్కు తీగలు మార్చే రోజున మొదలవుతుంది. షాపులో బేస్ తీగలు అడిగితే సాధారణంగా చేతికొచ్చేది 45–105 ప్యాకెట్. అంటే సన్నతీగ మందం అంగుళంలో వెయ్యికి 45 వంతులు, లావుతీగది 105 వంతులు. ఆ అంకెలు మందం చెబుతాయి. మెడను ఎంత బలంతో లాగుతాయో చెప్పవు. మన వాయిద్యం బతికేదీ చచ్చేదీ ఆ రెండో లెక్క మీద.

తీగ లాగుడును తేల్చేవి మూడు. ఒక అంగుళం తీగ బరువెంత, నట్ నుంచి బ్రిడ్జి దాకా మోగే పొడవు (దీన్నే స్కేలు అంటారు) ఎంత, ఏ శ్రుతికి బిగిస్తున్నాం. బరువు రెట్టింపైతే లాగుడు రెట్టింపు. పొడవు, శ్రుతి మాత్రం చక్రవడ్డీ కట్టే రకాలు: వాటిలో ఏది రెట్టింపైనా లాగుడు నాలుగింతలు. వీణ బిరడ తిప్పిన చేతికి ఇది సూత్రం లేకుండానే తెలుసు. ఆఖరి కాస్త దగ్గరే బిరడ మొరాయిస్తుంది.

ఇప్పుడు హాఫ్నర్ దగ్గరికి వద్దాం. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్ స్కేలు 34 అంగుళాలు. హాఫ్నర్ 500/1ది 30. ముప్పైని ముప్పైనాలుగుతో భాగించి వర్గం చేస్తే 0.78. అంటే అదే తీగ, అదే శ్రుతి, కానీ హాఫ్నర్ మీద లాగుడు 22 శాతం తక్కువ. మామూలు 45–105 నికెల్ సెట్ 34 అంగుళాల మీద నాలుగు తీగలూ కలిపి సుమారు 82 కిలోల బలంతో లాగుతుంది. 30 అంగుళాల మీద అదే సెట్ 64 కిలోలకు దిగుతుంది. విడిగా చూస్తే లావు ఈ-తీగ 18 నుంచి 14కు. చేతికి వదులుగా తగులుతుంది.

ఆ వదులే మనిషిని చెడగొడుతుంది. ‘ఇంకొంచెం లావు వేద్దాం’ అనిపిస్తుంది. 45 బదులు 50 వేస్తే పెరిగింది ఐదే కదా అనుకుంటాం. కానీ బరువు మందానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి ఆ తీగ లాగుడు దాదాపు పావు వంతు ఎక్కుతుంది. స్కేలు తగ్గించి హాఫ్నర్ వాళ్లు మిగిల్చింది ఆ తీగ మీద దాదాపుగా ఖర్చైపోయింది.

మందం చెప్పే ఇంకో అబద్ధం తీగ చుట్టులో ఉంది. 500/1 రూపుదిద్దుకున్న 1955–56 నాటికి ఎలక్ట్రిక్ బేస్ మీద మామూలుగా ఉండేవి పైన చదును రిబ్బను చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు. గుండ్రటి తీగ చుట్టిన రౌండ్‌వౌండ్లు బేస్ మీద రాజ్యానికొచ్చింది 1960ల రెండో సగంలో, ద హూ బృందం బేసిస్టు జాన్ ఎంట్విసిల్ రోటోసౌండ్ కంపెనీతో కూర్చుని తనకు కావాల్సిన సెట్ తయారు చేయించుకున్న తర్వాత. గుండ్రటి చుట్ల మధ్య గాలి ఉంటుంది, చదును చుట్ల మధ్య ఉండదు. అందుకని ఒకే మందంలో ఫ్లాట్‌వౌండ్ సాధారణంగా బరువెక్కువ, లాగుడెక్కువ. అలాగని అదీ శిలాశాసనం కాదు. థొమాస్టిక్ వారి జాజ్ ఫ్లాట్లు మెత్తగా ఉంటాయని పేరు. నల్ల నైలాన్ పట్టీ చుట్టిన తీగ చూడ్డానికి మోకులా ఉండి లోపల తేలిక. కాబట్టి ప్యాకెట్ మీద ముందు వెతకాల్సింది మందం కాదు, లాగుడు. కొన్ని కంపెనీలు ఒక్కో తీగకు కిలోల్లోనో పౌన్లలోనో వేస్తాయి. అది ఏ స్కేలుకు వేశారో కూడా చూడండి. 34కు వేస్తే 0.78తో గుణించుకోండి. లాగుడు ఎక్కడా చెప్పని కంపెనీ తీగలు ఈ రకం వాయిద్యానికి వద్దు.

మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 52–110 లా బెల్లా ఫ్లాట్లు వాడాడు, వాటిని దాదాపు మార్చనే లేదు. ఆయన స్వరం మీద ప్రేమతో ఆ తీగలు తెచ్చి మెకార్ట్నీ వాయిద్యానికి కట్టేవాళ్లున్నారు. జేమర్సన్‌ది 1962 ప్రెసిషన్. దాని ఒళ్లు గట్టి చెక్క దిమ్మ. హాఫ్నర్ ఒళ్లు స్ప్రూస్ పలక, మేపుల్ వెనకభాగం, మధ్యలో గాలి. ఇద్దరు మహానుభావులనూ ఒకే వాయిద్యంలో కలపాలంటే మధ్యలో నలిగేది ఆ పలక.

ఎలా నలుగుతుందో చూడాలంటే బ్రిడ్జిని పక్కనుంచి చూడండి. అది పలకకు అతికించి ఉండదు. తీగల ఒత్తిడితోనే నిలబడి ఉంటుంది. తీగలు దాని మీదుగా వంగి, ఒంటి చివర బిగించిన టెయిల్‌పీస్‌లోకి దిగుతాయి. ఆ వంపు కోణం 10 డిగ్రీలుంటే మొత్తం లాగుడులో 17 శాతం నేరుగా కిందికి నొక్కుతుంది. 64 కిలోల మీద అది 11 కిలోలు, చిన్న బియ్యం సంచి ఎత్తు. కోణం 15 డిగ్రీలైతే 16 కిలోలు దాటుతుంది. తీగలు మెట్లకు తగులుతున్నాయని బ్రిడ్జిని పైకి లేపిన ప్రతిసారీ ఈ కోణం కొంచెం పెరుగుతుంది. ఆ సంచి రేయింబవళ్లు పలక మీదే ఉంటుంది, మీరు వాయించినా వాయించకపోయినా.

పలక కింద ఏముందో తొంగిచూద్దామంటే 500/1కు రంధ్రాలు లేవు. వేలి కణుపుతో తట్టి వినాలి. బ్రిడ్జి పక్కన తట్టినప్పుడు ‘ఠక్’ అని పొడిగా వస్తే కింద దిమ్మ ఉన్నట్టు. డోలులా వస్తే బోలు. హాఫ్నర్ వారి కాంటెంపరరీ శ్రేణిలోనే దిమ్మ ఉన్న రకం ఉంది కాబట్టి ‘నాదీ హాఫ్నరే’ అన్న సమాధానం చాలదు. పలక మీద స్టీలు స్కేలును నిలువుగా ఆనించి, బ్రిడ్జి చుట్టూ గుంట పడిందేమో కూడా చూడండి.

మెడ సంగతి. మొదటి మెట్టు దగ్గర కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) బిగించండి, మెడ ఒంటిని కలిసే మెట్టు దగ్గర వేలితో తీగను నొక్కండి. ఇప్పుడు ఏడో మెట్టు మీద తీగకీ మెట్టుకీ మధ్య విజిటింగ్ కార్డు సన్నగా దూరాలి. కార్డు వదులుగా ఊగితే మెడ ముందుకు వంగింది. మెడ లోపల ఉండే కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, పావు చుట్టు బిగించి, ఒక రోజు వదిలేసి మళ్లీ చూడండి. రెండు చుట్లు తిప్పినవాళ్లకు దొరికే జ్ఞానం ఖరీదైనది. కార్డు సరిగ్గానే దూరుతున్నా తీగలు నెల నెలా పైకి లేస్తుంటే తప్పు వంపులో లేదు. మెడ ఒంటికి అతికిన కీలు కదులుతోంది, లేదా పలక దిగుతోంది. దానికి ట్రస్ రాడ్ మందు కాదు. తీగలు వదులు చేసి, వాయిద్యాలు బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్లాలి.

పొడవు విషయంలో ఒక వల ఉంది. స్కేలు 30 కదా అని షార్ట్ స్కేల్ తీగలు తెస్తే, బ్రిడ్జి నుంచి టెయిల్‌పీస్ దాకా ఉన్న దూరం లెక్కలోకి రాక, లావు భాగం నట్ దాటకముందే అయిపోవచ్చు. టెయిల్‌పీస్ నుంచి నట్ దాకా టేపుతో కొలిచి, తీగ గుండు నుంచి లావు భాగం అంతకంటే రెండు అంగుళాలైనా ఎక్కువుండేట్టు కొనండి. ఈ అదనపు పొడవు మోగదు కాబట్టి లాగుడును పెంచదు. చేతికి తగిలే మెత్తదనం మాత్రం కొంచెం మారవచ్చు.

మరి ఎంత వరకు క్షేమం? దిమ్మ లేని 30 అంగుళాల నకలుకు నేను పెట్టుకున్న గీత నాలుగు తీగలకూ కలిపి 65 కిలోలు. పాత వాయిద్యమైతే 55. తయారుచేసినవాళ్లు ఇంకా తక్కువ చెబితే వాళ్ల మాటే చెల్లుతుంది. మరీ తగ్గించినా సుఖం లేదు, తీగలు మెట్ల మీద గరగరలాడతాయి, బ్రిడ్జి జారుతుంది. లావుతీగల స్వరం కావాల్సిందేనంటే వేసి అర స్వరం శ్రుతి దించండి, లాగుడు 11 శాతం తగ్గుతుంది. తోడు వాయించేవాళ్లను ఒప్పించడం మీ పని. వానాకాలంలో విశాఖలోనూ ఎండాకాలంలో హైదరాబాదులోనూ చెక్క ఒకేలా ఉండదు. కార్డు పరీక్ష ఏడాదికి రెండుసార్లయినా చేయండి.

తీగలన్నీ ఒకేసారి విప్పకండి, బ్రిడ్జి ఊడి చేతిలోకొస్తుంది. ఒకటి తీసి ఒకటి కట్టండి. తీసినవాటిని పారేయకుండా కొత్త ప్యాకెట్ కవరులో చుట్టి, తేదీ వేసి పెట్టెలో ఉంచండి. కొత్తవి పడకపోతే వెనక్కి వెళ్లడానికి ఆ వాయిద్యం ఇన్నాళ్లూ మోసిన బరువు అదొక్కటే.