సర్చు దగ్గర ఆగిన యాత్ర

అయిదు బుల్లెట్లు, ఆరు నెలల ఏర్పాట్లు, ఒక తొందరపాటు నిర్ణయం: మనాలి-లేహ్ దారిలో స్నేహితుల మోటార్‌సైకిల్ ప్రయాణం

రాత్రి రెండు గంటలు. గుడారం బయట గాలి ఈల వేస్తోంది. గుంటూరులో మందుల షాపు నడిపే మిత్రుడు నేల మీద కర్రతో గీత గీశాడు. టార్చిలైటు వెలుగులో మా లాయరు మిత్రుణ్ని ఆ గీత మీద మడమకు బొటనవేలు ఆనిస్తూ నడవమన్నాడు. మూడో అడుగులోనే వాడు పక్కకు తూలాడు. ఇంకో రోజైతే తాగావా అని ఆటపట్టించేవాళ్లం. ఆ రోజు మాలో ఎవరూ చుక్క ముట్టలేదు. సాయంత్రం నుంచీ వాడు తలనొప్పి అంటున్నాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. అప్పుడు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతున్నాడు.

అది 2022 జూలై. చోటు సర్చు. హిమాచల్ ప్రదేశ్, లడఖ్ సరిహద్దులో దాదాపు 14,000 అడుగుల ఎత్తున ఉన్న మైదానం. ఎండాకాలంలో వెలిసే గుడారాలు, ఒక సైనిక శిబిరం తప్ప అక్కడ ఇంకేమీ లేదు.

ఆ ఏడాది సంక్రాంతికి ఊళ్లో కలిసినప్పుడు ఈ యాత్రకు బీజం పడింది. ఇంటర్మీడియట్ నుంచీ స్నేహితులమైన అయిదుగురం నలభై దాటాం. అందరికీ బుల్లెట్లున్నాయి. వాటి మీద మేం చేసిన దూరప్రయాణాలు మాత్రం అంతంతే. ‘ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడురా మామా’ అని ఎవడో అన్నాడు. మర్నాటికి తలా పాతిక వేలతో ఉమ్మడి ఖాతా కూడా తెరిచాం. లెక్కలు బ్యాంకులో పనిచేసే మిత్రుడికి అప్పగించాం. స్నేహితుల మధ్య పొరపొచ్చాలు మొదలయ్యేది టీ బిల్లుల దగ్గరే కాబట్టి అది మేం చేసిన మంచి పనుల్లో ఒకటి.

బండ్ల సంగతి హైదరాబాద్ పుత్లీబౌలిలో ఒక ఉస్తాద్ చూసుకున్నాడు. చూసుకున్నాడు అనడం కన్నా మాచేత చేయించాడు అనాలి. ‘నేను లేహ్ రాను కదా సార్’ అంటూ వరసగా నాలుగు ఆదివారాలు మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టి చక్రం విప్పించాడు, ట్యూబు మార్పించాడు, ప్లగ్ శుభ్రం చేయించాడు. మా అయిదు బండ్లలో మూడు పాత కార్బురేటర్ రకం. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. తంగ్‌లంగ్ లా కనుమ దగ్గర, అంటే 17,480 అడుగుల ఎత్తున, గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో ఇంచుమించు సగమే. కార్బురేటర్ మాత్రం పెట్రోలును పాత లెక్కలోనే పోస్తుంటుంది. దాంతో ప్లగ్ మసిబారుతుంది, బండి దగ్గుతుంది, ఎక్కుడులో ఈడ్చుకుంటూ పోతుంది. కొత్త ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు గాలిని బట్టి పెట్రోలు పాళ్లు సర్దుకుంటాయి గానీ, గాలే తక్కువైనప్పుడు వాటికీ బలం తగ్గక తప్పదు.

ఉస్తాద్ నేర్పిన కిటుకుల్లో నాకు బాగా నచ్చింది క్లచ్ కేబుల్‌ది. అదనపు కేబుల్‌ను సంచిలో పెట్టుకోకుండా పాత కేబుల్ పక్కనే, అదే దారిలో ముందుగా లాగి కట్టేయాలి. పాతది తెగితే రెండు కొసలూ తగిలిస్తే సరి. మంచు గాలిలో వేళ్లు కొంకర్లు పోయినప్పుడు ఈ చిన్న ఏర్పాటు విలువ తెలుస్తుంది. సామాన్ల పట్టీ ప్రతి బండికీ ఒకటే: రెండు ట్యూబులు, యాక్సిలరేటర్ వైరు, బ్రేకు, క్లచ్ లీవర్లు, ప్లగ్గులు, ఫ్యూజులు, గాలి పంపు, ఎం-సీల్. చేతికి రెండు జతల గ్లౌజులు. బూట్లలోకి మాత్రం ఖరీదైన సరంజామా ఏదీ కొనలేదు. సాక్సుల మీద పాలిథిన్ కవర్లు తొడుక్కుంటే చాలు, వాగుల్లో కాళ్లు తడవవు.

సాధనకు శ్రీశైలం వెళ్లాం. నల్లమలలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అటవీశాఖ గేట్లు మూసేస్తారు. తెల్లవారకముందే మన్ననూరు గేటు దగ్గర కాపు కాసి, ఘాట్‌లో అయిదు బండ్లూ వరసలో నడపడం నేర్చుకున్నాం. అందరికన్నా నెమ్మదిగా నడిపేవాడు ముందుండాలి, బాగా నడిపేవాడు చివర రావాలి. మాలో అందరికన్నా వేగం లాయరుది. రోజూ జిమ్‌కు వెళతాడు, సిగరెట్టు ముట్టడు. వాణ్ని చివర ఉంచడానికి నానా తంటాలూ పడ్డాం. బయల్దేరే రోజున వాడి భార్య నాకు ఫోన్ చేసి, ‘అన్నయ్యా, ఆయనకు తొందరెక్కువ, కాస్త చూస్తూ ఉండండి’ అంది. అలాగేనమ్మా అన్నాను.

బండ్లను సికింద్రాబాద్‌లో పార్సిల్‌గా రైలెక్కించాం. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు ఇవ్వాలి. గోనెపట్టాలు చుట్టి కుట్టేవాళ్లు అక్కడే ఉంటారు. ఢిల్లీ నుంచి చండీగఢ్, మండీ మీదుగా మనాలి చేరడానికి రెండు రోజులు పట్టింది. దారి పొడవునా ఢాబాల్లో పరాఠాలు తిన్నాం. గుంటూరు నుంచి తెచ్చిన ఆవకాయ సీసా మూత ఊడి ఒకడి సంచిలో ఉన్న చొక్కాలన్నీ ఎర్రబడ్డాయి. మా మొత్తం ప్రయాణంలో బండ్ల వైపు నుంచి జరిగిన నష్టం అదొక్కటే.

మనాలి ఎత్తు 6,700 అడుగులు. అక్కడ రెండు రాత్రులున్నాం. మా కాగితం మీద తర్వాతి మజిలీ జిస్పా, 10,500 అడుగులు. ఆ రాత్రి అక్కడ పడుకుని మర్నాడు సర్చు దాటాలన్నది పథకం. ఇక్కడే మాకు ఓ సదుపాయం ఎదురైంది. 2020 అక్టోబర్‌లో ప్రారంభమైన అటల్ సొరంగం పొడవు 9 కిలోమీటర్లు. దానికి ముందు లేహ్ వెళ్లే ప్రతివాడూ 13,050 అడుగుల రోహ్‌తంగ్ కనుమ ఎక్కి దిగాల్సిందే. బురదలో, లారీల వెనక సగం రోజు గడిచిపోయేది. దిగేసరికి చీకటి పడేది, కేలాంగ్‌లోనో జిస్పాలోనో పడుకోక తప్పేది కాదు. సొరంగం వల్ల 46 కిలోమీటర్ల దూరం, నాలుగైదు గంటల సమయం కలిసొచ్చాయి. మేం టాండిలో పెట్రోలు పోయించుకుని, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల తర్వాతేనన్న బోర్డు దగ్గర ఫొటోలు దిగి, డబ్బాల్లో అదనంగా తలా అయిదు లీటర్లు నింపుకుని కూడా ఒంటిగంటకల్లా జిస్పాలో ఉన్నాం.

భాగా నది ఒడ్డున కూర్చుని రాజ్మా అన్నం తిన్నాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. బండ్లు ఒక్కసారి కూడా మొరాయించలేదు. ‘ఇప్పుడే ఆగి ఏం చేస్తాం? సర్చు ఎనభై కిలోమీటర్లేగా’ అన్నాడు లాయరు. చేతులెత్తించి ఓటు పెట్టాం. మందుల షాపు మిత్రుడు ఒక్కడే వద్దన్నాడు. నేను చెయ్యెత్తాను. చూస్తూ ఉంటానని మాటిచ్చినవాణ్ని, ఆ చెయ్యి ఎత్తకుండా ఉండాల్సింది.

ఆ మధ్యాహ్నం ప్రయాణం నా జీవితంలో మరిచిపోలేనిదన్న మాటా నిజమే. దార్చా చెక్‌పోస్టులో పేర్లు రాయించుకుని ముందుకెళితే చెట్లు మాయమవుతాయి. జింగ్‌జింగ్‌బార్ దగ్గర మంచు కరిగిన నీరు రోడ్డు మీద వాగై పారుతోంది. ఈ వాగులను పొద్దున్నే దాటాలంటారు. ఎండెక్కి మంచు కరిగేకొద్దీ ఉధృతి పెరుగుతుంది. మేం చేరేసరికి నాలుగైంది, నీళ్లు మోకాలి కిందికి వచ్చాయి. సూరజ్ తాల్ సరస్సు పక్కనుంచి 16,040 అడుగుల బారాలాచా లా ఎక్కినప్పుడు ఫొటోల కోసం అరగంట ఆగాం. లాయరు అక్కడ గట్టిగా అరుస్తూ గెంతాడు. దిగేటప్పుడు వాడి బండి ఎందుకో నెమ్మదించింది. మొదటిసారిగా వాడు తనంతట తానే చివరికి వెళ్లాడు. అది గమనించి, మంచిదేగా అనుకున్నాను.

ఎత్తు ప్రాంతాల జబ్బు గురించి మాకు తెలియదని కాదు. ఆరోగ్యంగా ఉండటానికీ ఈ జబ్బు రాకపోవడానికీ సంబంధం లేదని చదివాం. జిమ్ములో కండలు పెంచినవాడికీ రావచ్చు, రోజుకో ప్యాకెట్టు కాల్చేవాడు బాగుండొచ్చు. కారణం ఎత్తు కన్నా ఎక్కే వేగం. పది వేల అడుగులు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు వెయ్యీ పదిహేను వందల అడుగులకు మించి పెంచకూడదన్నది వైద్యుల మాట. మేం ఒక్కరోజులో ఏడు వేల అడుగులకు పైగా పెంచాం. డాక్టరు రాసిచ్చిన డయామాక్స్ మాత్రలు సంచిలో భద్రంగా ఉన్నాయి. సల్ఫా మందులు పడనివాళ్లు అవి వేసుకోకూడదని కూడా కాగితం మీద రాసుకున్నాం. ఎక్కడానికి ఒక రోజు ముందే మొదలుపెట్టాల్సిన వాటిని జిస్పా నుంచి వేసుకుందాంలే అనుకున్నాం. జిస్పాలో ఆగితే కదా!

తలనొప్పి, వికారం ఎత్తుకు వెళ్లిన చాలామందికి మామూలే. నడక తూలిందంటే మాత్రం మెదడులో వాపు మొదలైందని అనుమానించాలి. కూర్చున్నా ఆయాసం తగ్గక, దగ్గుతో నురగ వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. రెండింటికీ అసలైన వైద్యం ఒకటే, కిందికి దించడం. సర్చులో ఉన్న చిక్కల్లా, అక్కణ్నుంచి దిగడానికి దారి లేకపోవడం. లేహ్ వైపు వెళితే 16,600 అడుగుల లాచులుంగ్ లా అడ్డం. వెనక్కి రావాలన్నా ముప్పై పైచిలుకు కిలోమీటర్లు ఎక్కి మళ్లీ బారాలాచా దాటాలి. లోయకు రెండు వైపులా గోడలే. మనాలి నుంచి ఒక్కరోజులో వచ్చి పడుకోవడానికి ఇంతకన్నా చెడ్డ చోటు ఆ దారిలో లేదని నాకిప్పుడు అనిపిస్తుంది. వచ్చేవాళ్లలో చాలామంది పడుకునేది అక్కడే.

గుడారం యజమాని జీపు తీశాడు. సైనిక శిబిరంలో తలుపు తట్టిన వెంటనే తీశారు. ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్ ఇచ్చారు, వెలుతురు రాగానే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా దించేయమన్నారు.

నాలుగింటికి గుడారం ముందు మా అయిదుగురిలో నలుగురం నిలబడి గొడవపడ్డాం. ఒక జీపులో రోగితో ఒకరు చాలని బ్యాంకు మిత్రుడి వాదన. అతనికి పద్నాలుగు రోజుల సెలవు దొరకడానికి ఆరేళ్లు పట్టింది. సాఫ్ట్‌వేర్ మిత్రుడూ అటే మొగ్గాడు. నేను నోటికొచ్చినట్టు మాట్లాడాను. చివరికి వాళ్లిద్దరూ లేహ్ వైపు వెళ్లారు, మేమిద్దరం వెనక్కి తిరిగాం. మందుల షాపు మిత్రుడు జీపులో సిలిండర్‌తో, నేను వెనకాల బండి మీద. మిగిలిన రెండు బండ్లను తర్వాత లారీలో మనాలికి తెప్పించుకున్నాం. లెక్కప్రకారం చూస్తే బ్యాంకు మిత్రుడిది తప్పుకాదు. అందరం దిగినా చేసేదేమీ ఉండేది కాదు. ఆ తెల్లవారుజామున లెక్కలు వినే స్థితిలో నేను లేను.

బారాలాచా ఎక్కేటప్పుడు జీపు అద్దంలోంచి వాడి తల ఊగుతూ కనిపించేది. ఊగుతున్నంతసేపూ నాకు భయం లేదు. పైన ఒకచోట ఊగడం ఆగింది. హారన్ కొట్టి జీపు ఆపించాను. నిద్రపోతున్నాడంతే, పిలిస్తే పలికాడు. దార్చా చేరేసరికి తన పేరు, మా పేర్లు వరసగా చెప్పాడు. కేలాంగ్ ఆసుపత్రిలో సాయంత్రానికి లేచి కూర్చుని, ‘నా బండెక్కడరా’ అన్నాడు. నేను బయటికి వచ్చి వాడి భార్యకు ఫోన్ చేశాను. మా ప్రీపెయిడ్ నంబర్లు లడఖ్‌లో పనిచేయవని ముందే పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకున్నాం. ఆ జాగ్రత్త ఇలా కేలాంగ్‌లో అక్కరకు వస్తుందనుకోలేదు.

2024 సెప్టెంబర్‌లో మళ్లీ వెళ్లాం, ఈసారి శ్రీనగర్ మీదుగా. ఆ దారి మెట్లు కట్టినట్టు ఉంటుంది. శ్రీనగర్ 5,200 అడుగులు, జోజీ లా 11,500 దాటినా పడుకునేది 8,800 అడుగుల కార్గిల్‌లో. ఫోటు లా 13,400 ఉన్నా దాటేసి, 11,500 అడుగుల లేహ్‌కు దిగిపోతాం. లేహ్‌లో రెండు రోజులు కదలకుండా ఉండి, అలవాటుపడిన ఒంటితో మనాలి దారిన తిరిగి రావచ్చు. సెప్టెంబర్ కాబట్టి వాగుల్లో నీళ్లూ తక్కువే. అద్దె బండి మీద వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బయటి ఊళ్లలో అద్దెకు తీసుకున్న బండ్లను నుబ్రా, పాంగాంగ్ వైపు లేహ్ స్థానికులు తిరగనివ్వరు, అక్కడిదే తీసుకోవాలి.

ఈసారి నలుగురమే. బ్యాంకు మిత్రుడు పని ఉందన్నాడు. మేమూ రెండోసారి అడగలేదు. లెక్కల పుస్తకం సాఫ్ట్‌వేర్ మిత్రుడి చేతికి వెళ్లింది, ఢిల్లీలోనే తప్పులు మొదలయ్యాయి.

తిరుగు ప్రయాణంలో తెల్లవారుజామున నాలుగున్నరకు లేహ్ వదిలాం. తంగ్‌లంగ్ లా, మోరే మైదానాలు, పాంగ్, గాటా మలుపులు ఇరవై ఒకటీ దిగి మధ్యాహ్నానికి సర్చు చేరాం. వారం రోజులు పైన గడిపిన ఒళ్లు కాబట్టి అక్కడ పడుకున్నా ఫరవాలేదు. పైగా ఆకలి. నేను గుడారాల ముందు బండి నెమ్మదింపజేసి లాయరు వైపు చూశాను. రెండేళ్లుగా వరసలో చివర తప్ప ఇంకెక్కడా నడపని మనిషి నన్ను దాటి ముందుకెళ్లిపోయాడు. మళ్లీ దొరికింది జిస్పాలోనే, చీకటి పడుతుండగా. నది ఒడ్డున బండి ఆనుకుని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ‘దిగిపోయాం’ అంటున్నాడు.