బ్యూనస్ ఎయిర్సులో కొత్త కాపురము

నా యొద్ద పదవ తరగతి చదివిన యువకు డొకడు ఉద్యోగము నిమిత్తమై అర్జెంటీనా రాజధాని యగు బ్యూనస్ ఎయిర్సు నగరమునకు పోయెను. పోయిన ఆరు వారములకు అచటినుండి నాకు ఫోనులో ఇట్లు వ్రాసి పంపెను: “మాస్టారూ, ఇల్లు దొరికింది. అద్దె ఇచ్చుకోగలను. కాని ఈ ఊళ్లో సొంత ఇల్లున్న మనిషి ఎవరైనా నాకు హామీ ఉండాలంటున్నారు. నేను వచ్చిందే మొన్న. నాకు హామీ ఎవరుంటారండీ?”

ఆ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేకపోయినది. కాని ఆ నగరమును గూర్చి నేను చదివినదియు, తరువాత ఆతడు తెలిపినదియు కలిపి వ్రాసినచో, అటువైపు పోదలచిన మన పిల్లలకును, వారిని పంపు పెద్దలకును పనికివచ్చునని తోచినది.

మన పట్టణములలో ఇల్లు అద్దెకు కావలెనన్నచో కొన్ని నెలల అద్దె ముందుగా చేతిలో పెట్టి, ‘మీరెవరండీ?’ అను ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలెను. ఆ ప్రశ్నకు అర్థమేమో పాఠకులకు తెలియును. బ్యూనస్ ఎయిర్సులో ఆ ప్రశ్న లేదు. దానికి బదులుగా ‘గరంతియా’ అనున దొకటి కలదు. ఆ నగరమున స్వంత ఇల్లు గల వ్యక్తి అద్దెదారు పక్షమున సంతకము చేయవలెను. అద్దె చెల్లనిచో ఆ బాకీకి హామీదారుని ఇల్లే జవాబుదారి. అనగా కొత్తగా వచ్చినవానికి అచట మొదట కావలసినది డబ్బు కాదు, తన కొరకు ఇంటిని పణముగా నొడ్డగల మనిషి.

ఇంత పట్టుదల యెందుకని అడుగవచ్చును. ఆ ఊరివారు కాగితపు సొమ్మును నమ్మి పలుమార్లు నష్టపోయినవారు. 2001 డిసెంబరులో ప్రభుత్వము బ్యాంకులను కట్టడి చేసి, ఎవరు దాచుకొనిన సొమ్ము నైనను వారమునకు 250 పెసోలకు మించి నగదుగా తీసికొనరాదని ఆజ్ఞాపించినది. 2023లో ఒక్క సంవత్సరములో ధరలు 211 శాతమునకు పైగా పెరిగినవి. అట్టిచోట ఇంటి యజమాని నోటును నమ్మడు, ఇటుకను నమ్మును. మన విద్యార్థికి ఇది అవమానముగా తోచినది గాని, అది ఆతనిపై అనుమానము కాదు, పెసోపై అనుమానము.

విచిత్రమేమనగా, పరదేశులను రమ్మని రాజ్యాంగములోనే పిలిచిన దేశ మది. 1853 నాటి రాజ్యాంగ పీఠిక, ఆ నేలపై నివసింపగోరు ప్రపంచములోని మనుష్యులందరికిని స్వేచ్ఛను వాగ్దానము చేయుచున్నది. 1876 నాటి వలస చట్టము ఓడ దిగినవారికి ఐదు రోజులు ఉచితముగా బస, భోజనము నీయవలెనని విధించినది. అందుకై రేవు ప్రక్కన కట్టిన పెద్ద సత్రము 1911 నుండి 1953 వరకు నడచినది, నేడది ప్రదర్శనశాల. 1914 జనగణన నాటికి ఆ నగరవాసులలో ఇంచుమించు సగము మంది పరదేశములలో పుట్టినవారే! ఆరవ రోజున వీరందరు ఎవరి హామీతో ఎచట తలదాచుకొనిరో గాని, ఇటలీవాడు ఇటలీవానిని, స్పెయినువాడు స్పెయినువానిని వెదకికొని యుండునని ఊహింపవచ్చును. మనవారు అచట మిక్కిలి తక్కువ. కావున మన పిల్లవాడు పరాయివానినే తనవానిగా చేసికొనవలెను.

అందుకు సమయము పట్టును. అంతవరకు ఏమి చేయవలెను? సామానులతో కూడిన గదులు కొన్ని నెలలకు గరంతియా లేకయే దొరకును గాని అద్దె హెచ్చు, దానిని తరచుగా డాలర్లలో అడుగుదురు. రుసుము తీసికొని హామీ నిచ్చు బీమా కంపెనీలును కలవు. అవి జీతపు రుజువులను అడుగును. ఇవికాక, ఎవరిదో యింటి పత్రమును చూపి గరంతియా అమ్మెదమని ప్రకటించు వారున్నారు. వారి నీడకైనను పోరాదు. 2023 డిసెంబరులో పాత అద్దె చట్టమును రద్దు చేసినప్పటినుండి గడువు, నాణెము, అద్దె పెంచు విధము అన్నియు ఉభయుల ఒప్పందమును బట్టియే యుండును. కావున అద్దె ఎంత అని అడిగి ఊరకొనక, ఎన్ని నెలల కొకసారి ఏ లెక్కన పెరుగునో అడిగి వ్రాయించుకొనవలెను.

కాగితముల సంగతి స్వదేశముననే చక్కబెట్టుకొనవలెను. జనన, వివాహ, విద్యా పత్రములకు మన విదేశాంగ శాఖ వేయు ‘అపోస్టిల్’ ముద్ర వేయించుకొని పోవలెను. అచట వానిని గుర్తింపు పొందిన అనువాదకునిచే స్పానిషులోనికి మార్పించి, అనువాదకుల సంఘముచే ధ్రువపరపవలెను. ఇందు మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. మన యింటిపేరు పదవ తరగతి పత్రములో ఒక పొడి అక్షరము, పాస్‌పోర్టులో పూర్తి పేరు, మరియొకచోట అసలే లేదు. ఏది యింటిపేరో, ఏది తన పేరో విదేశపు గుమాస్తాకు తెలియుట యెట్లు? ఉపాధ్యాయులారా, పత్రములలో పేరు వ్రాయించునప్పుడే పొడి అక్షరములను విడిచి పూర్తిగా వ్రాయింపుడు. మీరు మిగుల్చు ఒక్క చుక్క పదునైదేండ్ల తరువాత భూగోళపు ఆవలి వైపున ఆ పిల్లవాని దారి కడ్డుపడును. 2025 మే నెలలో ఆ దేశపు వలస నిబంధనలు కఠినమైనవి గనుక, ముందు పోయినవారి అనుభవమును మాత్రమే నమ్ముకొనరాదు.

ఇక కాలము. మన కన్న ఎనిమిదిన్నర గంటలు వెనుకబడి నడచును. హైదరాబాదులో ఉదయము తొమ్మిదికి బడిగంట మ్రోగునప్పుడు అచట అర్ధరాత్రి దాటి అరగంట. డిసెంబరు, జనవరి మండు వేసవి. జూలైలో చలి. బడులు మార్చిలో తెరతురు. మధ్యాహ్న సూర్యుడు ఉత్తరమున నుండుటచే ఎండ గోరువారు ఉత్తరపు కిటికీల ఇంటిని వెదకుదురు. వాస్తు పుస్తకమును వెంట గొనిపోయినవారు దానిని పెట్టెలోనే ఉంచుట మంచిది. రాత్రి భోజనము తొమ్మిది, పది గంటలకు గాని మొదలు కాదు. ఎనిమిదింటికి రమ్మనిరని ఎనిమిదింటికే పోయినచో ఇల్లాలు తల దువ్వుకొనుచు కనబడవచ్చును.

మాంసము తిననివారికి కష్టము కొంత కలదు. కాని ఇటలీవారు తెచ్చిన ‘ఫైనా’ అను శనగపిండి రొట్టె పిజ్జా కొట్లలో దొరకును. మనవాడు మొదటిసారి దానిని తిని ఇంటిని తలచుకొనె నట.

భాష విషయమున మన విద్యార్థి మోసపోయెను. బయలుదేరుటకు ముందు ఫోనులో ఆరు నెలలు స్పానిషు అభ్యసించినాడు. ‘నీవు’ అనుటకు ‘తూ’ అని నేర్చుకొనగా, ఆ నగరమున ‘వోస్’ అందురు. క్రియాపదము కూడ దానితో మారును. ‘వీధి’కి ‘కాయె’ అని వల్లించినవానికి అచట ‘కాషె’ అని వినబడినది. పుస్తకపు తెలుగు మాత్రమే వచ్చినవాడు శ్రీకాకుళపు సంతలో నిలుచున్నట్లయినది ఆతని పని. విశ్వవిద్యాలయమున పరదేశులకు తరగతులు కలవు గాని, ఆతనికి చదువు చెప్పినది లిఫ్టు.

ఆతడు తాత్కాలికముగా దిగిన భవనములో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయిని యొకరు ఉండిరి. ఆ దేశపు ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలును, పంతులమ్మలును తెల్లని పైఅంగీ తొడుగుదురు. కలవారి బిడ్డ, లేనివారి బిడ్డ ఒక్కతీరున కనబడవలెనని ఆ అంగీని గూర్చి చెప్పుకొందురు. 1884 నాటి చట్టము ప్రాథమిక విద్యను ఉచితము, నిర్బంధము చేసినది. ఆ అంగీని ముప్పదియేండ్లు తొడిగిన ఆమె లిఫ్టులో ఈతని ఉచ్చారణ విని సహింపలేక నాలుగవ అంతస్తు వచ్చులోపల రోజుకొక మాట దిద్దుచుండెను. కొన్నాళ్లకు మాతే త్రాగుటకు పిలిచెను.

మాతే యనగా ఒక విధమైన ఆకుల కషాయము. సొరకాయ బుర్రవంటి చిన్న పాత్రలో ఆకుపొడి నింపి, వేడినీరు పోసి, లోహపు గొట్టముతో పీల్తురు. అందరికి ఒకటే పాత్ర, ఒకటే గొట్టము. ఎంగిలి యని మనవాడు మొదట జంకెను. రెండవ చిక్కు ఇంకను సూక్ష్మమైనది. పాత్ర చేతి కందినప్పుడు మర్యాదకై ‘గ్రాసియాస్’, అనగా ‘ధన్యవాదములు’ అనరాదు. అన్నచో ‘ఇక నాకు చాలును’ అని అర్థము. మనవాడు మొదటి గుక్కకే ధన్యవాదము చెప్పుటచే ఆ సాయంత్రము మరల ఆతనికి పాత్ర రాలేదు.

ఆ ఊరిలో ఒక భారతీయునికి పూర్వ మొకరు అండగా నిలిచిన కథ సాహిత్యాభిమానులకు తెలిసినదే. 1924 నవంబరులో రవీంద్రనాథ ఠాకూరు పెరూ దేశమునకు పోవుచు త్రోవలో జబ్బుపడి బ్యూనస్ ఎయిర్సులో ఆగవలసి వచ్చెను. గీతాంజలిని ఫ్రెంచి అనువాదములో చదివియున్న విక్టోరియా ఒకాంపో అను రచయిత్రి, నగరశివారు సాన్ ఇసీద్రోలో నదికి ఎదురుగా నున్న యింటిని ఆయన కొరకు సంపాదించెను. ఆ యింటి అద్దెకై తన వజ్రాల కిరీటము నమ్మిన దని చెప్పుదురు. ఆయన స్పానిషు ఎరుగడు, ఆమె బెంగాలీ ఎరుగదు. సంభాషణ మంతయు ఇంగ్లీషులో సాగినది. 1925 జనవరిలో ఆయన ఓడ నెక్కునప్పుడు తనకు నచ్చిన పడకకుర్చీని ఆమె వెంట పంపగా, అది పట్టుటకు ఓడగది తలుపు నూడదీయించిరట. ఆ యేడు వెలువడిన ‘పూరబి’ సంపుటిని ఆయన ఆమెకు ‘విజయ’ యను పేర అంకితము చేసెను.

మన విద్యార్థి ఠాకూరు కాడు. మొదట చూచిన యిల్లు చేజారినది. తాత్కాలికపు గదిలోనే నాలుగు నెలలు గడచినవి. రెండవ యిల్లు కుదిరినప్పుడు ఆతడు ఎవరిని అడుగక మునుపే ఆ ఉపాధ్యాయిని తానే అడిగెనట: “గరంతియా దొరికినదా?” లేదనగా వెంటనే ఒప్పుకొనలేదు. మూడు నెలల జీతపు చీటీలు తెప్పించి, ఎర్ర పెన్సిలుతో గీతలు గీయుచు చదివెను. ఆతని కార్యాలయమునకు తానే ఫోను చేసెను. ఆమెకున్న ఆస్తి ఆ రెండుగదుల ఫ్లాటు మాత్రమే. పించను కొద్దిపాటిది. ఈతడు అద్దె ఎగవేసినచో వ్యాజ్యములో పడునది ఆ ఫ్లాటే. వారము దినములు ఆలోచించి సంతకము చేసెను.

ఈ వార్త తెలిసిననాడు నాకు సంతోషముకన్న భయము హెచ్చైనది. “బాబూ, ఒక్క నెలయైనను తప్పకు” అని వ్రాసితిని. “జీతం పడిన పూటే అద్దె పంపేస్తున్నాను మాస్టారూ. రసీదు ఆవిడకే ముందు చూపిస్తాను” అని బదులు వచ్చినది.

ఆ దేశమున ప్రతినెల 29వ తేదీన బంగాళాదుంప, గోధుమపిండి కలిపిచేసిన ‘ఞోకీ’ అను వంటకమును తిను ఆచారము కలదు. జీతము ముగిసి జేబు ఖాళీ యగు దినమది. వచ్చు నెల బాగుండవలెనని పళ్లెము క్రింద ఒక నోటు నుంచుదురు. ఇప్పుడు నెల నెలా ఆ రాత్రి పదిగంటలకు మనవాడు ఆమె యింట భోజనము చేయుచున్నాడు. ఉచ్చారణ దిద్దుట మాత్రము ఇంకను ముగియలేదట.