చలివేళ అందుకొనని ట్రాక్టరు

పుష్యమాసపు చలిలో ట్రాక్టరు ఇంజను అందుకొననిచో రైతులు తొందరపడి దాని క్రింద మంట పెట్టరాదు. డీజిలును, బ్యాటరీనుండి వెలువడు వాయువును అంటుకొనును. బండియే కాదు, ప్రాణము సైతము పోవచ్చును.

డీజిలు ఇంజనునందు నిప్పురవ్వ లేదు. పిస్టను అదిమిన గాలి వేడిచేతనే ఇంధనము మండును. చలికి నూనె చిక్కబడును, బ్యాటరీ బలము తగ్గును. ఇంజను మెల్లగా తిరిగిన ఆ వేడి చాలదు.

కావున తొలుత బ్యాటరీ కొనల చిలుము తుడిచి తీగలను బిగింపవలెను. 12 వోల్టుల బ్యాటరీ వాడకములో లేని వేళ 12.4 వోల్టులకంటె తక్కువ చూపినచో ఛార్జి చేయింపవలెను. గేరు న్యూట్రలునందుంచి, క్లచ్చి నదిమి, 10 సెకండ్లకు మించక స్టార్టరు త్రిప్పి, నిమిషమైన ఆగి మరల యత్నింపవలెను. చక్కగా తిరిగియు అందుకొననిచో ఫిల్టరులోని నీటిని వదలి, డీజిలు గొట్టములోని గాలిని వెడలింపవలెను. సాయంకాలముననే టాంకు నింపి యుంచిన లోపల తేమ చేరుట తగ్గును.