పుట్టుచోటు తెలియని క్యాన్సరు

క్యాన్సరునకు సాధారణముగా దాని పుట్టుచోటును బట్టి పేరు పెట్టుదురు. రొమ్ములో పుట్టినది రొమ్ము క్యాన్సరు; ఊపిరితిత్తిలో పుట్టినది ఊపిరితిత్తి క్యాన్సరు. దాని కణములు రక్తములోను, లింఫు ద్రవములోను కొట్టుకొనిపోయి కాలేయమునకో, ఎముకలకో చేరి పెరిగినను ఆ పేరు మారదు. మామిడిటెంక ఎవరి పెరటిలో మొలచినను మామిడిమొక్కయే కదా! అందుచేత చికిత్సయు పుట్టుచోటును బట్టియే నిర్ణయింతురు.

అయితే కొందరు రోగులలో వ్యాపించిన క్యాన్సరు మాత్రమే కనబడును. మెడలో బిళ్ల కట్టును, లేదా కాలేయములో గడ్డలు తేలును. ఎంత వెదకినను మొదటి గడ్డ దొరకదు. క్యాన్సరు రోగులలో నూటికి సుమారు ఇద్దరు మొదలు ఐదుగురి వరకు ఇట్టివారు ఉందురు. మొదటి గడ్డ మిక్కిలి చిన్నదై పరీక్షలకు అందకపోవచ్చును. శరీరపు రక్షక కణములే దానిని నాశనము చేసి యుండవచ్చును.

ఇక్కడ రోగికి మరియొక చిక్కు వచ్చును. పెద్ద ఆసుపత్రులలో వైద్యులు అవయవముల వారీగా పని పంచుకొందురు. ఊపిరితిత్తుల వైద్యుడు చూచి తన విభాగములో ఏమియు లేదనును. ఉదరకోశ వైద్యుడును అట్లే చెప్పును. ఒక పరీక్ష తరువాత మరియొక పరీక్షగా వారములు గడచిపోవును. రోగి ఎవరి బాధ్యతయో తేలకముందే అతని బలము క్షీణించును.

ఈ లోపమును సరిదిద్దుటకు బ్రిటనులోని నైస్ అను జాతీయ సంస్థ 2010లో కొన్ని నియమములు ప్రకటించినది. వాటి ప్రకారము, క్యాన్సరు చికిత్స జరుగు ఆసుపత్రులలో ఇట్టి రోగులకొరకు ఒక ప్రత్యేక బృందము ఉండవలెను. అందులో క్యాన్సరు వైద్యుడు, బాధానివారణలో నిపుణుడైన వైద్యుడు, శిక్షణ పొందిన నర్సు తప్పక ఉందురు. బయటినుండి వచ్చు రోగిని, ఆ బృందమునకు పంపిన రెండు వారములలోగా చూడవలెను. ఆసుపత్రిలో చేరియున్న రోగిని మరుసటి పనిదినము ముగియులోగా చూడవలెను.

ఆ బృందము ఏమి చేయును? గడ్డనుండి చిన్న ముక్క తీసి, కణములలోని ప్రోటీనులకు ప్రత్యేకమైన రంగులు పట్టించి సూక్ష్మదర్శినిలో పరీక్ష చేయింతురు. థైరాయిడు కణములు థైరోగ్లోబులిన్ అను ప్రోటీనును తయారు చేయును. అది ముక్కలో కనబడినచో ఆ కణముల పుట్టిల్లు థైరాయిడు అని ఊహింపవచ్చును. పుట్టుచోటు తేలకున్నను కొన్ని సందర్భములలో దారి దొరకును. స్త్రీకి చంకలోని గ్రంథులలో మాత్రమే ఒక జాతి క్యాన్సరు కనబడినపుడు, రొమ్ములో గడ్డ లేకున్నను రొమ్ము క్యాన్సరునకు చేయు చికిత్సయే చేయుదురు. యువకునికి రొమ్మెముక వెనుక పెరిగిన గడ్డ వృషణ క్యాన్సరును పోలియున్నచో, సిస్‌ప్లాటిన్ మొదలగు మందులతో పూర్తిగా నయము కావచ్చును. ఇట్టివారిని ఆలస్యముగా పంపుట ఎంత నష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

తక్కిన పెక్కుమందికి అంతటి ఆశ ఉండదు. వారి విషయములో వెదకుట ఎప్పుడు మానవలెనో తెలిసికొనుటయు శాస్త్రమే. ఫలితము ఏదైనను చికిత్స మారనపుడు ఆ పరీక్ష చేయరాదని ఆ నియమములు చెప్పుచున్నవి. రోగికి విషయము వివరించి, అతని కోరిక తెలిసికొని, నొప్పిని, ఆయాసమును తగ్గించుట మొదటి దినమునుండియే జరుగవలెను.

మెడలో కట్టు బిళ్లలు చాలవరకు గొంతునొప్పి, పంటిచీము మొదలగు వాటివలన వచ్చునవే. కాని గట్టిగా ఉండి, కొన్ని వారములైనను తగ్గక పెరుగుచున్న బిళ్లను, నొప్పి లేదు గదా అని ఉపేక్షింపక వైద్యునికి చూపవలెను. ఉపాధ్యాయులు తరగతిలో ఈ మాట చెప్పినచో అది విద్యార్థుల ద్వారా ఇంటిలోని పెద్దలకును చేరును.